కారు షెడ్డును చట్టబద్ధమైన నివాస గదిగా మార్చుకోవడం: నెల్లూరు, ఒంగోలు గృహస్థులకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు మాగుంట లేఅవుట్, దర్గామిట్ట, వేదాయపాళెం వైపు గానీ, ఒంగోలు లాయర్‌పేట, భాగ్యనగర్ వైపు గానీ ఇరవై ముప్పై ఏళ్ల కిందట కట్టిన సొంత ఇళ్లలో చాలావాటికి ముందో పక్కనో ఒక కారు షెడ్డు కనిపిస్తుంది. పిల్లలు ఎదిగినప్పుడో, మెట్లు ఎక్కలేని పెద్దవారికి కింద ఒక గది కావలసి వచ్చినప్పుడో ఇంటివారి చూపు ముందుగా ఆ షెడ్డు మీదికే పోతుంది. మూడు గోడలు, పైకప్పు ఎలాగూ ఉన్నాయి కనుక షట్టర్ తీసి నాలుగో గోడ కడితే గది వచ్చేసినట్టేనని బేల్దారి మేస్త్రీ కూడా భరోసా ఇస్తాడు. గోడ లేవడానికి నాలుగు రోజులు చాలునన్న మాట నిజమే. కానీ ఆ గది పురపాలక సంస్థ రికార్డులో గదిగా నమోదు కావాలన్నా, రేపు ఇల్లు అమ్మేటప్పుడు బ్యాంకు ఇంజనీరు దానిని లెక్కలోకి తీసుకోవాలన్నా, గోడకంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఒకటి షెడ్డు నిలిచి ఉన్న స్థలం, రెండవది దాని ఎత్తు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా మిగిలిన ఖర్చంతా వృథా అవుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఆ రెండింటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మొదటి అడుగు: కాగితాలు బయటికి తీయడం

రిజిస్టరు దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద తాకట్టు వంటి లావాదేవీలను చూపే పత్రం), ఇంటి పన్ను రశీదు, అన్నిటికంటే ముఖ్యంగా మంజూరైన ప్లాను, దానితో వచ్చిన ప్రొసీడింగ్స్ (అనుమతి ఉత్తర్వు) కాపీ ఒకచోట పెట్టుకోండి. ప్లాను పోయి ఉంటే నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళికా విభాగంలో ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేయండి. ఇల్లు గ్రామ పంచాయతీ పరిధిలో ఉంటే, అనుమతి పంచాయతీ నుంచి పొందాలా, పట్టణాభివృద్ధి సంస్థ ప్రమేయం కూడా ఉంటుందా అన్నది పంచాయతీ కార్యాలయంలో ముందే కనుక్కోండి. నెల్లూరు చుట్టుపక్కల ఊళ్లకు ‘నుడా’, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లకు ‘ఒడా’ అనే పట్టణాభివృద్ధి సంస్థలు ఉన్నాయి కనుక ఈ ప్రశ్న చాలామందికి ఎదురవుతుంది.

పాత నెల్లూరు దస్తావేజులలో స్థలం అంకణాలలో రాసి ఉంటుంది. ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు, అంటే సుమారు 6.69 చదరపు మీటర్లు. తిరుపతి, చిత్తూరు వైపు అంకణం ఇందులో సగమే కనుక, ఆ ప్రాంతం నుంచి వచ్చిన బంధువుల లెక్కను నమ్మి దరఖాస్తులో విస్తీర్ణం రాయవద్దు. నియమాలన్నీ చదరపు మీటర్లలోనే ఉంటాయి.

ఇప్పుడు ప్లానులో షెడ్డు ఎక్కడ ఉందో చూడండి. మూడు సందర్భాలు ఎదురవుతాయి. షెడ్డు ఇంటి ప్రధాన కట్టడంలో భాగంగా, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలానికి (సెట్‌బ్యాక్‌కు) లోపలే ఉంటే పని ముందుకు సాగుతుంది. ప్రహరీకి ఆనుకొని, సెట్‌బ్యాక్‌లో కట్టి ఉంటే, అక్కడ వాహనం నిలుపుకోవడానికి చూసీ చూడనట్టు వదిలేసి ఉండవచ్చు గానీ మనుషులు నివసించే గదికి అనుమతి రాదు. షెడ్డు అసలు ప్లానులోనే లేకపోతే మీరు మార్చబోయేది అనుమతి లేని కట్టడాన్ని కనుక, దరఖాస్తు పెట్టిన రోజునే ఆ పాత లోపం బయట పడుతుంది. అప్పుడు పాత ఉల్లంఘనకు, కొత్త మార్పుకు కలిపి సమాధానం చెప్పవలసి వస్తుంది.

అపార్టుమెంటు కింద పిల్లర్ల మధ్య ఉన్న స్టిల్ట్ పార్కింగ్ గురించి ఒక్క మాటతో సరిపెడతాను: ఆ ఆలోచన మానుకోండి. ఆ స్థలం నివాసితులందరి ఉమ్మడి ఆస్తి. స్టిల్ట్ పార్కింగ్‌ను ఫ్లాటు మాదిరిగా విడిగా అమ్మే హక్కు బిల్డరుకు లేదని సుప్రీంకోర్టు 2010లో, మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన ఒక కేసులో, స్పష్టంగా చెప్పింది. ‘ముందు కట్టుకుందాం, తరువాత బీపీఎస్‌లో క్రమబద్ధం చేయించుకుందాం’ అనే సలహా కూడా ఊళ్లో వినిపిస్తూనే ఉంటుంది. మన రాష్ట్రంలో 2015లోనూ, 2019లోనూ భవనాల క్రమబద్ధీకరణ పథకాలు వచ్చిన మాట నిజమే. కానీ మంజూరైన ప్లానులో పార్కింగ్‌కు కేటాయించిన స్థలాన్ని ఆ పథకాలు మినహాయించాయి. కాబట్టి షెడ్డు విషయంలో ఆ దారి మీద ఆశ పెట్టుకోవడం వివేకం కాదు.

రెండవ అడుగు: టేపు పట్టుకొని కొలవడం

ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు 2017లో, జీవో 119 ద్వారా అమలులోకి వచ్చాయి. గదుల కనీస కొలతల విషయంలో జాతీయ భవన నిర్మాణ స్మృతి ఆధారం. ఆ స్మృతి ప్రకారం నివాస గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 చదరపు అడుగులు ఉండాలి, వెడల్పు 2.4 మీటర్లకు తగ్గరాదు. కారు పట్టే షెడ్డు సాధారణంగా పది అడుగుల వెడల్పు, పద్ధెనిమిది అడుగుల పొడవు ఉంటుంది కనుక విస్తీర్ణంలో చిక్కు రాదు.

చిక్కంతా ఎత్తులోనే వస్తుంది. నివాస గదికి నేల నుంచి శ్లాబు అడుగు వరకు కనీసం 2.75 మీటర్లు ఉండాలి. గ్యారేజీకి 2.4 మీటర్లు ఉంటే చాలు. అలాగే చుట్టుపక్కల నేలకంటే గ్యారేజీ 15 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే సరిపోతుంది. ఇంటి బేస్‌మట్టం మాత్రం 45 సెంటీమీటర్లు లేవాలి. అంటే నియమాల ప్రకారమే కట్టిన షెడ్డును గదిగా మార్చాలంటే నేలను మరో 30 సెంటీమీటర్లు లేపాలి; లేపితే 2.4 మీటర్ల ఎత్తు కాస్తా 2.1 మీటర్లవుతుంది. ఆ గదిలో పొడుగాటి మనిషి చేయి పైకెత్తితే ఫ్యాను రెక్కకు తగులుతుంది. ఈ లెక్కను తిరగేసి చూస్తే అసలు విషయం తెలుస్తుంది: ప్రస్తుత షెడ్డు నేల నుంచి శ్లాబు అడుగు వరకు కనీసం 3.05 మీటర్లు, అంటే పది అడుగులు ఉంటేనే మార్పు సాధ్యం. నేల 15 సెంటీమీటర్లకంటే కిందికి ఉంటే అంత మేరకు ఎత్తు ఇంకా ఎక్కువ కావాలి. టైల్సు వేశాక తేలే నేలనే లెక్కలోకి తీసుకోవాలన్న సంగతి మరువవద్దు.

కొలిచేటప్పుడు రోడ్డును కూడా చూడండి. మన పట్టణాలలో పాత రోడ్డు మీదనే కొత్త సిమెంటు రోడ్డు వేస్తూ పోవడం వల్ల, కట్టినప్పుడు ఎత్తుగా ఉన్న షెడ్లు ఇప్పుడు రోడ్డుకు సమానంగానో, కిందికో వచ్చేశాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలనే కోసివేసిన రోజులు గుర్తున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. నదికి దూరంగా ఉన్న వీధులలో కూడా ఈశాన్య రుతుపవనాల వాయుగుండం వస్తే మురుగు కాలువలు పొర్లుతాయి. గోడ మీద పాత నీటి చార ఉంటే, నియమం 45 సెంటీమీటర్లే చెప్పినా, ఆ చారకు పైన నేల వచ్చేలా లెక్క వేసుకోండి.

ఎత్తు చాలకపోతే రెండు మార్గాలున్నాయి. షెడ్డు శ్లాబును తీసివేసి, ఎత్తు పెంచి మళ్లీ వేయడం మొదటిది. అది మార్పు కాదు, కొత్త నిర్మాణమే. ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. సామాన్ల గదికి 2.2 మీటర్ల ఎత్తు చాలు కనుక, షెడ్డును సామాన్ల గదిగా అనుమతి పొంది, ఇంటి లోపల ఇప్పుడు సామాన్లు నింపిన గదిని ఖాళీ చేసి పడకగదిగా వాడుకోవడం రెండవది. నా దృష్టిలో చాలా ఇళ్లకు ఈ రెండవదే మేలైనది, చవకైనది. అయినా దీన్ని ఆలోచించేవారు తక్కువ.

మూడవ అడుగు: షెడ్డు కింద, గోడల మీద ఏముందో చూడటం

కారు షెడ్డు అంటే ఇల్లు కట్టేటప్పుడు ఎక్కడా చోటు లేనివన్నీ చేరిన చోటు. నీళ్ల సంపు మూత, బోరు మోటారు స్టార్టరు, కరెంటు మీటరు, మెయిన్ బోర్డు, కొన్ని ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు కూడా అక్కడే ఉంటాయి. వీటిలో సెప్టిక్ ట్యాంకు ఒక్కటి ఉన్నా పని ఆపి ఆలోచించాలి. దాని మీద పడకగది కట్టడం ఆరోగ్యానికి ప్రమాదం, శుభ్రం చేయించే వీలు కూడా ఉండదు. ట్యాంకును వేరే చోటికి మార్చి, పాతదాన్ని ఖాళీ చేయించి, గ్రావెల్‌తో కుదించి పూడ్చిన తరువాతనే నేల పని మొదలు పెట్టాలి. సంపు ఉంటే మూతను గది బయటికి వచ్చేలా చేయాలి, లేదా సంపునే మార్చుకోవాలి.

మీటరు గది లోపలికి పోతే రీడింగు తీసేవారు ప్రతి నెలా పడకగదిలోకి రావలసి ఉంటుంది. దానిని బయటి గోడకు మార్చడానికి విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టండి. నెల్లూరులో అది ఏపీఎస్పీడీసీఎల్, ఒంగోలులో ఏపీసీపీడీసీఎల్. తెలిసిన ఎలక్ట్రీషియను అయినా సరే, సీలు వేసిన మీటరును అతనితో కదిలించవద్దు.

ఇంటికి, షెడ్డుకు మధ్య గోడలో తలుపు పెట్టాలనుకుంటే ముందు ఆ గోడ బరువు మోస్తున్నదేమో తేల్చుకోవాలి. పిల్లర్ల మీద నిలిచిన ఇంట్లో మధ్య గోడ అడ్డుగోడే కావచ్చు. కానీ ఫత్తేఖాన్‌పేట, స్టోన్‌హౌస్‌పేట వంటి పాత పేటలలో పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదనే శ్లాబు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ ఇంజనీరు చూసి, లింటెల్ (తలుపు పైన గోడ బరువు మోసే అడ్డ బీము) ఎంత ఉండాలో రాసి ఇచ్చిన తరువాతనే సుత్తి దెబ్బ పడాలి.

నాలుగవ అడుగు: అనుమతి

అనుమతి ఆన్‌లైన్ పద్ధతిలోనే వస్తుంది. లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుడు, అంటే ఎల్‌టీపీ, మీ తరఫున మార్పు ప్లానును గీసి పోర్టల్‌లో సమర్పిస్తాడు. ఆయనకు మూడు విషయాలు స్పష్టంగా చెప్పండి. మొదటిది, గది ఇంట్లో అదనపు గదా, లేక వంటగది, వేరు గుమ్మం ఉన్న ప్రత్యేక పోర్షనా అన్నది. పడకగది అని రాసి తరువాత అద్దె పోర్షనుగా వాడితే పన్నులోనూ, కరెంటు కనెక్షనులోనూ తేడాలు వస్తాయి. దుకాణంగా వాడితే అది నివాస వినియోగమే కాదు. రెండవది, కారు ఇకమీదట ఎక్కడ ఉంటుందన్నది. మీ స్థలానికి నియమం పార్కింగ్ కోరితే, ప్లానులో దానికి మరో చోటు చూపక తప్పదు. ‘వీధిలో పెట్టుకుంటాం’ అన్నది ప్లానులో గీయలేని సమాధానం. మూడవది, కిటికీలు.

కిటికీలు మీ సొంత ఖాళీ స్థలంలోకి తెరుచుకోవాలి. పొరుగువారి గోడకు ఆనుకున్న వైపు కిటికీ కుదరదు. మనది వేడితో పాటు ఉక్కపోత కూడా ఉన్న తీర ప్రాంతం కనుక, తలుపులు కాక, కిటికీల మొత్తం విస్తీర్ణం నేల విస్తీర్ణంలో ఆరవ వంతు ఉండాలన్న కొలతను పాటించడం మంచిది. 180 చదరపు అడుగుల గదికి ఇది 30 చదరపు అడుగులు, అంటే నాలుగడుగుల చదరపు కిటికీలు రెండు. షట్టర్ ఉన్న వైపు ఒకటి, ఎదురు గోడలోనో పక్క గోడలోనో మరొకటి పెడితే గాలి అడ్డంగా ఆడుతుంది. రెండూ ఒకే గోడలో ఉంటే లెక్క సరిపోతుంది గానీ గాలి ఆడదు.

పరిశీలనలో లోపాలు చూపితే గడువులోగా ఎల్‌టీపీతో సరిచేయించండి. ఫీజులన్నీ ఆన్‌లైన్‌లోనే చెల్లించి రశీదులు భద్రపరచండి. కార్మిక సెస్సు గురించి అడిగితే, సొంత నివాసానికి మొత్తం నిర్మాణ వ్యయం 50 లక్షల రూపాయలు దాటకపోతే అది వర్తించదని గుర్తుంచుకోండి (2025 నవంబరులో కొత్త సామాజిక భద్రతా స్మృతి అమలయ్యే వరకు ఈ పరిమితి 10 లక్షలు). వాస్తు చూపించుకునే అలవాటు ఉన్నవారు ఆ పనిని ప్లాను సమర్పించక ముందే ముగించుకోవాలి. మంజూరైన తరువాత గుమ్మం ఆగ్నేయం నుంచి జరగాలంటే మళ్లీ సవరణ ప్లాను, మళ్లీ ఫీజు.

అనుమతి లేకుండా కట్టేస్తే ఏమవుతుందని అడిగేవారికి: నగరపాలక సంస్థ నోటీసు ఇచ్చి, సమాధానం విని, తొలగించమని ఉత్తర్వు ఇవ్వగలదు. అనధికార కట్టడానికి ఆస్తి పన్ను మీద అదనపు పన్ను కూడా పడుతుంది. ఆ పన్ను చెల్లించడం వల్ల కట్టడం సక్రమం అయినట్టు కాదు. ‘ఇన్నేళ్లుగా పన్ను కడుతున్నాం కదా’ అన్న వాదన నిలవదు.

ఐదవ అడుగు: నిర్మాణం

పనిని జనవరి తరువాత మొదలుపెట్టడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు భూమి తడిగా ఉంటుంది కనుక అప్పుడు వేసిన నేల, పూత ఆరడానికి చాలా కాలం పడుతుంది. రోహిణి కార్తెలో కాంక్రీటు వేస్తే ఎండకు పైపొర పగులుతుంది కనుక గోనెపట్టాలు కప్పి కనీసం పది రోజులు తడుపుతూనే ఉండాలి. తీరానికి దగ్గరగా ఉన్న చోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఇనుము ఉన్న కాంక్రీటుకు లీటరులో 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉన్న నీరు వాడరాదు. అనుమానం ఉంటే ట్యాంకరు తెప్పించండి. కమ్మీ తుప్పు పట్టిన తరువాత చేయగలిగింది పెద్దగా ఉండదు.

షట్టర్ తీసిన చోట గోడ కట్టడానికి అక్కడ పునాది ఉందో లేదో తవ్వి చూడాలి. చాలా షెడ్లలో గేటు గుమ్మం కింద ఉన్నది నాలుగంగుళాల కాంక్రీటు మాత్రమే. దాని మీద తొమ్మిదంగుళాల గోడ లేపితే ఒకటి రెండు వానాకాలాలకే కుంగి, పాత గోడకూ కొత్త గోడకూ మధ్య నిలువు పగులు వస్తుంది. గట్టి నేల తగిలే వరకు తవ్వి, పునాది వేసి, రెండు వైపులా ఉన్న పిల్లర్లను కలుపుతూ నేల మట్టంలో ప్లింత్ బీమ్ పోయాలి. నల్లరేగడి నేల అయితే ఎంత లోతన్నది ఇంజనీరే చెప్పాలి. గోడ లేచేటప్పుడు ప్రతి రెండడుగుల ఎత్తుకు ఒకసారి పాత పిల్లరులో రంధ్రం చేసి 8 మిల్లీమీటర్ల కమ్మీలు దిగవేసి, కొత్త ఇటుక వరుసలో కలపాలి. షట్టర్ పైనున్న పాత బీమును మాత్రం కదిలించవద్దు.

నేల లేపడం తొందరపడకూడని పని. నూనె మరకలు పట్టిన పాత కాంక్రీటు పైపొరను చెక్కించి, గ్రావెల్‌ను 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ఒక్కో పొరకు నీళ్లు పెట్టి దిమ్మిసతో కుదించాలి. 180 చదరపు అడుగుల గదికి ఒక అడుగు లేపాలంటే 180 ఘనపుటడుగులు, అంటే దాదాపు రెండు యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) కావాలి. కుదింపులో అణిగిపోయేదానికి అర యూనిట్ అదనంగా తెప్పించుకోండి. చెదల మందు ఈ దశలోనే కొట్టించాలి. పాత గోడల వెంట నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం చొప్పున చేసి మందు పోయిస్తే మంచిది, ఎందుకంటే షెడ్డు మూలలో ఏళ్ల తరబడి పేర్చిన పాత చెక్కలు చెదలకు పుట్టిల్లు. ఆ పైన మందపాటి పాలిథిన్ షీటు పరిచి, అంచులను గోడ వెంట పైకి మడిచి, నాలుగంగుళాల కాంక్రీటు వేయాలి. షీటు ధర తక్కువే, కానీ చెమ్మ పైకి రాకుండా ఆపేది అదే. మేస్త్రీలు దీనిని వదిలేద్దామంటే ఒప్పుకోవద్దు. టైల్సు వేసే ముందు కాంక్రీటు ఆరిందో లేదో తెలుసుకోవాలంటే రెండడుగుల పాలిథిన్ ముక్కను నేలకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉంటే ఇంకా ఆగాలి.

పాత గోడల కింది భాగంలో ఉప్పు పొంగి పూత రాలుతుంటే దాని మీద పుట్టీ పూయడం వల్ల ప్రయోజనం లేదు. నేల నుంచి మూడడుగుల వరకు పూత చెక్కించి, ఇటుకను ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపిన మాలుతో మళ్లీ పూయించండి.

షెడ్డుకు రేకుల కప్పు ఉంటే వేసవిలో ఆ గది నివాసయోగ్యం కాదు. శ్లాబు వేయక తప్పదు. ఉన్నది శ్లాబే అయినా పైన అంతస్తు లేకపోతే ఎండ నేరుగా దిగుతుంది. వాన నీరు నిలవకుండా వాలు సరిచేసి, పగుళ్లు పూడ్చి, తెల్లని కూల్ రూఫ్ పూత వేయించండి. పడమటి గోడకు బయట నీడ కల్పించగలిగితే దానివల్ల వచ్చే చల్లదనం ఫాల్స్ సీలింగ్ కంటే ఎక్కువ. పైగా ఫాల్స్ సీలింగ్ పెడితే 2.75 మీటర్ల లెక్క మళ్లీ తప్పుతుంది.

వైరింగు కొత్తగా వేయించండి. షెడ్డులోని ఒక బల్బు లైనుకు ఏసీ తగిలించడం ప్రమాదం. దీపాలకు 1.5, సాధారణ సాకెట్లకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడి, ఏసీకి విడిగా ఎంసీబీ, మొత్తం గదికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టించాలి. లోడు పెరిగితే అదనపు లోడుకు దరఖాస్తు తప్పనిసరి. స్నానాల గది కూడా కావాలంటే, కొత్త నేల నుంచి వీధి మురుగు చాంబరు వరకు గొట్టానికి వాలు దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి. నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉంటే నిశ్చింత.

ఆరవ అడుగు: ముగింపు కాగితాలు

పని పూర్తయ్యాక ఎల్‌టీపీ ద్వారా నిర్మాణం ముగిసినట్టు నివేదిక సమర్పించి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి వాడుకోవచ్చన్న పత్రం) తీసుకోండి. కట్టినది ప్లానుకు సరిపోవాలి. కిటికీ ఒక అడుగు జరిగినా నివేదికకు ముందే ఎల్‌టీపీకి చెప్పండి. నేల కాంక్రీటు, పునాది, పాలిథిన్ షీటు పరిచిన దశలలో తేదీలతో ఫొటోలు తీసి ఉంచుకుంటే, తనిఖీ సమయంలోనూ, తరువాత ఇల్లు కొనేవారికి చూపడానికీ ఉపయోగపడతాయి.

ఆ సర్టిఫికెట్‌తో వార్డు సచివాలయంలో ఆస్తి పన్ను సవరణకు దరఖాస్తు పెట్టండి. 2021 నుంచి మన పట్టణాలలో పన్ను ఆస్తి మూలధన విలువ ఆధారంగా పడుతున్నది కనుక కొత్త గది విస్తీర్ణం చేరితే పన్ను కొంత పెరుగుతుంది. సవరణ తరువాత వచ్చే మొదటి డిమాండు నోటీసులో విస్తీర్ణం, వినియోగం ‘నివాసం’ అని ఉన్నాయో లేదో సరిచూసుకోండి. పన్ను ఏడాదికి రెండు అర్ధ సంవత్సరాలుగా లెక్కిస్తారు. ఏప్రిల్ 30లోగా ఏడాది మొత్తం ఒకేసారి చెల్లిస్తే 5 శాతం రాయితీ దొరుకుతుంది కనుక, దరఖాస్తును మార్చి లోపల ముగించుకోగలిగితే కొత్త లెక్క మీదనే ఆ రాయితీని పొందవచ్చు.